కిన్‌లావెన్ గోల్‌కీపర్లు

స్కాట్లండులో కిన్‌లావెన్ థిస్టిల్ అనే ఫుట్‌బాల్ జట్టుకి పదకొండేళ్ళుగా గోల్‌కీపరు రానల్డ్ గెడ్డెస్. వారమంతా ఊళ్ళో ఉత్తరాలు పంచేవాడు, శనివారం మధ్యాహ్నం గోల్ ముందు నిలబడేవాడు. నాలుగు డివిజన్లలో అన్నిటికన్నా కిందిది వాళ్ళది. సముద్రపు గాలికి బంతి సగం దారిలో మనసు మార్చుకునే మైదానం అది. ఏ గాలికి బంతి ఎటు తిరుగుతుందో రానల్డ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మ్యాచ్‌కి ఆరువందల మంది వస్తే గొప్ప. వాళ్ళలో సగం మంది ఇళ్ళకి ఉత్తరాలు తీసుకెళ్ళేది అతనే.

నవంబరులో ఒక లీగ్ మ్యాచ్‌లో ఎదుటి ఆటగాడి బూటు కింద పడి అతని కుడిచేతి చిటికెనవేలు విరిగింది. ఆరు వారాలు బంతి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆ ఆరు వారాలకని గోల్‌లోకి ఇన్నిస్ బాక్స్టర్ వచ్చాడు.

ఇన్నిస్‌కి ఇరవై ఆరేళ్ళు. రానల్డ్ కన్నా ఏడేళ్ళు చిన్న. రేవు దగ్గర పడవలకి రంగులు వేసే షెడ్డులో పని. జుట్టులో ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక ఉండేది. నాలుగేళ్ళు బెంచి మీద కూర్చుని ఒక్కనాడూ మొహం మాడ్చుకోలేదు. ఆట మొదలయ్యే ముందు రానల్డ్‌కి బంతులు విసిరి ఒళ్ళు వేడెక్కించేవాడు, ఆట అయ్యాక "అదరగొట్టావు పెద్దోడా" అనేవాడు. గెలిచినా అదే మాట, నాలుగు గోల్స్ తిన్నా అదే మాట. రానల్డ్‌కి వాడంటే ఇష్టమే. బెంచి మీద ఉన్నంతకాలం ఇష్టమే.

డిసెంబరులో స్కాటిష్ కప్ మూడో రౌండు గెలిచారు. నాలుగో రౌండుకి చీటీ తీస్తే గ్లాస్గో నుంచి పెద్ద జట్టు ఒకటి కిన్‌లావెన్‌కే వచ్చి ఆడాలని పడింది. ఊరు ఊరంతా టిక్కెట్ల కోసం వరసలో నిలబడింది. రానల్డ్ వేలికి కట్టు విప్పించుకుని, మేనేజరు డాడ్ కార్గిల్ గదిలోకి వెళ్ళి చెయ్యి చాపి చూపించాడు.

"వేలు బాగైంది బాస్."

"సంతోషం. శనివారం బెంచి మీద ఉండు."

"బెంచి మీదా?"

కార్గిల్ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "ఐదు మ్యాచ్‌ల్లో రెండే గోల్స్ ఇచ్చాడయ్యా వాడు. ఇప్పుడు వాణ్ణి పక్కన పెడితే ఈ ఊరివాళ్ళు నన్ను తీసుకెళ్ళి రేవులో పడేస్తారు."

"పదకొండేళ్ళు బాస్. ఇలాంటి మ్యాచ్ ఒక్కటైనా రాలేదు నాకు."

"తెలుసు. అందుకే నీ మొహం చూడలేకపోతున్నాను. ఇంక వెళ్ళు."

రానల్డ్ దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. స్కాట్లండులో పెనాల్టీ కొట్టే ప్రతి ఆటగాడి పేరూ, వాడు ఎన్ని కొట్టాడో, ఎటు కొట్టాడో, పరుగెత్తే ముందు ఎటు చూశాడో అందులో రాసి పెట్టుకున్నాడు. ఆదివారం పొద్దున్న టీవీలో ముందురోజు గోల్స్ చూస్తూ టీ చల్లారిపోయేదాకా రాసేవాడు. భార్య మోర్వెన్ బడిలో టీచరు. "మా పిల్లలు ఇంత శుభ్రంగా హోంవర్కు చేస్తే నాకు నడుం నొప్పి ఉండదు" అనేది. తన జట్టు ఏ పెద్ద మ్యాచ్‌లోనూ పెనాల్టీల దాకా వెళ్ళకపోయినా అతను మానలేదు.

ఆ శనివారం వెళ్ళింది. తొంభై నిమిషాలు, అదనపు అరగంట కూడా గోల్ లేకుండా ముగిశాయి. ఇన్నిస్ బెంచి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "పెద్దోడా, నీ పుస్తకం!" రానల్డ్ ఒక కాగితం మీద ఐదు పేర్లు, ఎదురుగా కుడి ఎడమలు రాసి నీళ్ళ సీసాకి అంటించి ఇచ్చాడు. ఇన్నిస్ ప్రతి పెనాల్టీకి ముందు నీళ్ళు తాగుతున్నట్టు సీసా చూశాడు. రెండు ఆపాడు. జనం గోడలు దూకి మైదానంలోకి వచ్చి వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు.

టీవీవాళ్ళు మైకు పెడితే ఇన్నిస్ ఆయాసపడుతూ అన్నాడు, "నాదేం లేదండీ. అంతా రానల్డ్ పుస్తకం. ఆ పెద్దోడు లేకపోతే నాకు కుడేదో ఎడమేదో తెలీదు."

వాడు మనస్ఫూర్తిగానే అన్నాడు. రానల్డ్‌కి అదే మింగుడుపడలేదు. వాడు గొప్పలు పోయి ఉంటే నాలుగు తిట్లు తిట్టుకుని తేలికపడేవాడు. సోమవారం నుంచి ఉత్తరాలు తీసుకుని ఏ గుమ్మం దగ్గరికెళ్ళినా ఒకటే పాట.

"ఏం పుస్తకం నాయనా, పుస్తకం ఎలా ఉంది?" అంది చర్చి వీధిలో లోరిమర్ ముసలమ్మ. "మా ఇన్నిస్ ఎంత ముద్దుగా దూకాడో చూశావా? ఓహో, నువ్వక్కడే ఉన్నావు కదూ, బెంచి మీద."

చేపల కొట్టువాడు ఓ అడుగు ముందుకేశాడు. "ఇన్నేళ్ళూ నువ్వెందుకురా ఆ పుస్తకం చూసుకోలేదు? నువ్వు చదివితే పనిచెయ్యదా అది?"

రానల్డ్ నవ్వి ఊరుకునేవాడు. మూల తిరిగాక నవ్వు చెరిపేసుకునేవాడు. పదకొండేళ్ళలో అతను ఎన్ని పెనాల్టీలు ఆపాడో ఎవరికీ గుర్తులేదు. వానల్లో, మంచులో, రెండువందల మంది ముందు ఆపినవి. ముందునుంచీ ఆ ఊరికి గోల్‌కీపరు ఇన్నిసే అన్నట్టూ, తనేమో వాడికి లెక్కలు రాసిపెట్టే గుమాస్తా అన్నట్టూ మాట్లాడుతున్నారు. ప్రాక్టీసులో ఇన్నిస్ ఎడమవైపుకి దూకుతుంటే మనసులో అనుకునేవాడు, ఆలస్యంగా లేస్తున్నాడు, నేనైతే ముందే లేచేవాణ్ణి. ఆ తరవాత ఆ బంతి వాడి చేతిలో ఉండటం చూసేవాడు.

ఐదో రౌండు కూడా గెలిచారు. మార్చిలో క్వార్టర్ ఫైనలు, ఎడిన్‌బరోలో, అక్కడి జట్టు మీద. కిన్‌లావెన్ నుంచి పద్దెనిమిది బస్సులు కట్టుకుని వెళ్ళారు. ఊళ్ళో రొట్టెల కొట్టుతో సహా అన్నీ మూసేశారు. గెలిస్తే సెమీ ఫైనలుకి హ్యాంప్డెన్ వెళ్ళొచ్చు. జాతీయ జట్టు ఆడే మైదానంలో కిన్‌లావెన్ థిస్టిల్!

చెరో గోలుతో అదనపు సమయం కూడా అయిపోయింది. మళ్ళీ పెనాల్టీలు. స్టాండులో కిన్‌లావెన్ జనం ఒక్క గొంతుతో అరవడం మొదలెట్టారు. "చదువు, ఇన్నిస్! పుస్తకం చదువు!" ఆ పుస్తకం రాసిన రానల్డ్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఇన్నిస్ చెమటలు కక్కుతూ వచ్చి అతని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"త్వరగా పెద్దోడా. రిఫరీ పిలుస్తున్నాడు."

రానల్డ్ రాశాడు. నలుగురి పేర్ల ఎదురుగా ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఐదోవాడు మెల్విల్, ఆ జట్టులో ఆఖరి దెబ్బ ఎప్పుడూ వాడిదే. పుస్తకంలో మెల్విల్‌కి ఒక పేజీ మొత్తం ఉంది. మామూలు ఆటలో ఎప్పుడూ గోల్‌కీపరుకి ఎడమవైపు కొడతాడు. ఆటంతా ఒక్క దెబ్బ మీద నిలబడినప్పుడు మాత్రం పరుగులో ఒక్క క్షణం ఆగి కుడివైపు కొడతాడు. మూడుసార్లు అలా జరిగింది, మూడుసార్లూ కుడివైపే. ఆ మూడింటి కింద రానల్డ్ ఎర్ర సిరాతో గీత గీశాడు కూడా.

మళ్ళీ "చదువు, ఇన్నిస్!" అన్నారు జనం. రానల్డ్ కలం ఒక్క క్షణం ఆగింది. "ఎడమ" అని రాశాడు. సీసాకి కాగితం అంటించి, బొటనవేలితో అంచులు గట్టిగా నొక్కి ఇచ్చాడు.

ఇన్నిస్ మూడోది ఆపాడు. కిన్‌లావెన్ ఐదింటిలో నాలుగు కొట్టింది. ఎడిన్‌బరోకి మూడు అయ్యాయి. మెల్విల్ కొడితే సమానం, కొట్టకపోతే కిన్‌లావెన్ హ్యాంప్డెన్‌కి. ఇన్నిస్ సీసా ఎత్తి నీళ్ళు తాగాడు, కాగితం చూశాడు, బెంచి వైపు తిరిగి తల ఊపాడు. రానల్డ్ కూడా తల ఊపాడు. అరవొచ్చు. లేచి నిలబడి చెయ్యి ఊపొచ్చు. ఇంకా టైముంది. మెల్విల్ బంతి పెట్టి వెనక్కి నడిచాడు. అప్పటికీ టైముంది. రానల్డ్ చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి.

మెల్విల్ పరుగులో ఆగాడు. ఇన్నిస్ ఎడమవైపుకి ఎగిరాడు. బంతి కుడివైపు నేలబారుగా వెళ్ళి వలలో పడింది. తరవాత పెనాల్టీకి కిన్‌లావెన్ కెప్టెన్ బంతిని పైకర్రకి కొట్టాడు. ఎడిన్‌బరోవాళ్ళు ఆరోది కొట్టారు. అయిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో ఇన్నిస్ తువాలు నెత్తిమీద వేసుకుని ఏడ్చాడు. రానల్డ్ పక్కన కూర్చుంటే అతని మోకాలు పట్టుకున్నాడు. "వాడు ఆగాడు చూడు, అప్పుడు నేనూ ఆగాల్సింది. నువ్వు రాసింది సరైందే, వాడే మార్చాడు. నేను తొందరపడ్డాను పెద్దోడా. నీ కష్టం కూడా మట్టిపాలు చేశాను."

"ఊరుకోరా" అన్నాడు రానల్డ్. 

ఊళ్ళో మట్టుకు జోకులు ఆగలేదు. "పుస్తకంలో అచ్చుతప్పు పడిందటగా?" అన్నాడు చేపల కొట్టువాడు. ఆ మాట ఇన్నిస్ చెవిన పడి, పని బట్టలతోనే ఆ కొట్టుకి వెళ్ళి గొడవ పెట్టుకున్నాడట. "ఆ పుస్తకం లేకపోతే జనవరిలోనే ఇంటికి పోయేవాళ్ళం. ఇంకోసారి వాగావంటే నీ చేపలన్నీ సముద్రంలోకి పంపిస్తా!" ఈ సంగతి మోర్వెన్ చెబుతుంటే రానల్డ్ ప్లేటు పక్కకి జరిపి లేచిపోయాడు.

ఆ గురువారం పొద్దున్న అతను రేవు వీధిలో ఉత్తరాలు పంచుతున్నాడు. వెనకనుంచి కేక వినపడింది. ఇన్నిస్ చేతిలో నీలంరంగు కుంచెతో పరుగెత్తుకొస్తున్నాడు.

"రానల్డ్! నన్ను పిలిచారు! స్కాట్లండ్! ఇద్దరు గోల్‌కీపర్లకి ఒకే వారంలో దెబ్బలు తగిలాయట. శనివారం ఐస్‌లాండ్‌తో మ్యాచ్‌కి నన్ను రమ్మన్నారు! అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు, నువ్వు ఈ వీధిలో ఉంటావని వచ్చేశా." అలాగే వాటేసుకున్నాడు. సంచి భుజం మీంచి జారి ఉత్తరాలు తడి రాళ్ళ మీద పడ్డాయి. ఇద్దరూ వంగి ఏరారు. రానల్డ్ తల ఎత్తకుండా అన్నాడు, "మంచిదిరా. నీకు రావాల్సిందే." 

"రెండు టిక్కెట్లిస్తారట. ఒకటి అమ్మకి, ఒకటి నీకు. మోర్వెన్‌కి ఇంకోటి అడిగి తీసుకుంటా. రాకపోయావో, చంపేస్తా."

ఓడిపోయాక కూడా వాడికే వచ్చింది. తను ముంచినా వాడు మునగలేదు. రానల్డ్ ఆ రోజంతా తప్పు ఇళ్ళలో తప్పు ఉత్తరాలు వేశాడు.

శనివారం సాయంత్రం ఐదింటికి హ్యాంప్డెన్‌లో ఆట మొదలైంది. ఇన్నిస్ బెంచి మీద. జాతీయ జట్టు ముదురు నీలం కోటులో వాడు ఎవరోలా కనిపించాడు. రానల్డ్ పైవరసలో మోర్వెన్ పక్కన కూర్చుని, మాంసం కూరిన రొట్టె కొరకకుండా చేతిలో పట్టుకుని మనసులో ఒకటే అనుకుంటున్నాడు. ఆడించొద్దు. బెంచి మీదే ఉంచి పంపించెయ్యండి. బెంచి మీద కూర్చుంటే ఆట ఎంతసేపు సాగుతుందో నాకు తెలుసు, వాడికీ కొంచెం తెలియాలి.

స్కాట్లండ్ రెండు గోల్స్ ఆధిక్యంలో ఉంది కాబట్టి, ఎనభయ్యో నిమిషంలో కోచ్ ఇన్నిస్‌ని లేపాడు.

"అమ్మో, వాణ్ణి దింపుతున్నారు!" మోర్వెన్ అతని చెయ్యి పట్టుకుని లాగింది. "లే, లేచి నిలబడు!"

అందరూ నిలబడ్డారు. రానల్డ్ కూడా. ఒక్క గోలు, అనుకున్నాడు. తేలిక బంతి ఒకటి చేతుల్లోంచి జారిపోవాలి, ఇంతమంది ముందు. రెండు నిమిషాల్లో ఎడమ పక్కనుంచి ఐస్‌లాండ్‌వాళ్ళ బంతి గాల్లో ఎత్తుగా వచ్చింది, గోల్ ముందు ఆటగాళ్ళు గుంపుగా ఉన్న చోటికి. బయటికి రావాలా, గీత మీదే ఉండాలా? "రా, ఇప్పుడే, బయటికి రా!" అని గట్టిగా అరిచింది రానల్డే. అతని రెండు చేతులూ తలపైకి లేచాయి. చేతిలోని రొట్టె ఎగిరి ముందు వరసలో ఎవరి వీపునో తాకింది. అక్కడ కింద ఇన్నిస్ అందరి తలలమీంచి లేచి బంతిని రెండు చేతుల్తో ఒడిసి పట్టుకున్నాడు.

రానల్డ్ కుర్చీలో కూలబడ్డాడు. మోర్వెన్ నవ్వుతూ తిరిగి, అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఏమైంది?"

"మెల్విల్ కుడివైపు కొడతాడని నాకు తెలుసు" అన్నాడు. "తెలిసే ఎడమ అని రాశాను."

ఆమె ఆట అయ్యేదాకా మైదానం వైపే చూస్తూ కూర్చుంది.

ఆట అయ్యాక ఆటగాళ్ళ కుటుంబాలు కలుసుకునే గదికి వెళ్ళారు. ఇన్నిస్ తడి జుట్టుతో వచ్చి తల్లిని గిరగిరా తిప్పాడు. తరవాత రానల్డ్ దగ్గరికొచ్చాడు. "చూశావా? ఆ బంతికి ఎవరో రా రా అని అరిచినట్టనిపించింది పెద్దోడా. ఒట్టు!"

రానల్డ్ వాణ్ణి నడవాలోకి తీసుకెళ్ళాడు. నిలబడినచోటే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు.

ఇన్నిస్ ముందు నవ్వబోయాడు. తరవాత గోడకి ఆనుకున్నాడు. "ఎర్ర గీతలు కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నేను చేపల కొట్టువాడితో కొట్లాడాను నీకోసం." గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "నా సంగతి సరే. పద్దెనిమిది బస్సులొచ్చాయి. కెప్టెన్ ఆ పెనాల్టీ పోగొట్టుకుని వారం నుంచి ఇంట్లోంచి బయటికి రాలేదు. ఎందుకురా?"

"నిన్ను చూడలేకపోయాను. అంతే."

"మరి ఈరోజే ఎందుకు చెప్పావు?"

 ఇన్నిస్ లోపలికి వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. ఫొటోవాళ్ళు నవ్వమంటే నవ్వాడు, కానీ పదే పదే అడగాల్సి వచ్చింది.

ఇంటికి వెళ్ళే దారిలో కారు నడుపుతూ మోర్వెన్ అంది, "చెప్పాల్సిందే. నేను కాదనను. కానీ ఇవాళా? వాడికి జీవితం మొత్తంలో ఉన్నది ఈ ఒక్క సాయంత్రం. అందులో కూడా చెయ్యి పెట్టకుండా ఉండలేకపోయావు."

సోమవారం రానల్డ్ కార్గిల్‌కి చెప్పాడు. మంగళవారం కెప్టెన్ ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడి చెప్పాడు. కెప్టెన్ అతని మొహం మీద ఒక గుద్దు గుద్ది, తరవాత తలుపు వేసుకుని లోపల ఏడ్చాడు. జట్టువాళ్ళు అతనితో మాట్లాడటం మానేశారు. ఊళ్ళో జోకులు ఆగిపోయాయి. గుమ్మాల దగ్గర ఉత్తరాలు తీసుకుని మాటలేకుండా తలుపులు వేసుకునేవాళ్ళు. లోరిమర్ ముసలమ్మ ఒక్కతే అంది, "నీకు సిగ్గుందా నాయనా?" ఆమె అడిగినందుకు రానల్డ్‌కి కొంచెం ఊపిరాడినట్టయింది. "ఉందమ్మా" అన్నాడు.

మేలో ఇన్నిస్‌ని పై డివిజన్ జట్టొకటి తీసుకుంది. కార్గిల్ రానల్డ్‌ని గదిలోకి పిలిచాడు. బయటికి పొమ్మంటాడని రానల్డ్ చేతితొడుగులు కూడా వెంట తెచ్చాడు, బల్ల మీద పెట్టేసి పోదామని.

"అవి తీసుకో" అన్నాడు కార్గిల్. "ఇంకో గోల్‌కీపర్ని తెచ్చుకునే స్తోమత నాకు లేదు. నువ్వే ఆడతావు. ఎవడూ నీకు చప్పట్లు కొట్టడు, నేను కూడా కొట్టను. ఆడగలవా?"

"ఆడతాను బాస్."

జూలైలో లీగ్ కప్ గ్రూపు మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఇన్నిస్ కొత్త జట్టు వాళ్ళ గ్రూపులోనే పడి, రెండో శనివారం కిన్‌లావెన్‌కి వచ్చింది. ఇన్నిస్ మైదానంలోకి రాగానే స్టాండు మొత్తం లేచి నిలబడింది. రానల్డ్ పేరు చదివినప్పుడు వినపడింది సముద్రం చప్పుడొక్కటే. వంద గజాల అవతల వాడు గోల్ ముందు అటూ ఇటూ నడుస్తుంటే రానల్డ్ ఆట మధ్యలో కూడా చూస్తూనే ఉన్నాడు. నడకలో నింపాదితనం వచ్చింది. చేతితొడుగులు కొత్తవి, మందంగా, తెల్లగా ఉన్నాయి. అలాంటివి రానల్డ్ తన జన్మలో వేసుకోలేదు. గుండెలో ఆ పాత మంట మళ్ళీ రాజుకుంది. అది ఎక్కడికీ పోలేదని అతనికి అర్థమైంది. బంతి వచ్చినప్పుడు ఆడాడు, రానప్పుడు మండాడు.

నాలుగు గోల్స్ తిన్నాడు. ఆట ముగిశాక ఇన్నిస్ పాత జట్టువాళ్ళందర్నీ కౌగిలించుకున్నాడు. కార్గిల్ బట్టతల మీద ముద్దు పెట్టాడు. రానల్డ్ గోల్‌పోస్టు దగ్గర సీసా, తువాలు సర్దుకుంటూ ఆలస్యం చేశాడు. తల ఎత్తేసరికి వాడు ఆరడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపలేదు.

"మూడో గోలుకి గీత మీదే ఉండిపోయావు" అన్నాడు ఇన్నిస్. "బయటికి రావాల్సింది."

"అవును. రావాల్సింది."

ఇన్నిస్ ఇంకేదో అంటాడేమోనని రానల్డ్ చూశాడు. వాడు స్టాండు వైపు తిరిగి, పిలుస్తున్న జనం దగ్గరికి వెళ్ళిపోయాడు. వాళ్ళు వాణ్ణి కంచె మీదికి లాక్కుని ఫొటోలు దిగుతుంటే, రానల్డ్ తువాలు భుజాన వేసుకుని వాళ్ళ ముందునుంచే నడిచి లోపలికి వెళ్ళాడు. వచ్చే శనివారం ఇంకో మ్యాచ్ ఉంది.